ఖాళీ బుట్ట

"నీకేమైనా రెండు తలలున్నాయా అమ్మా?" అన్నాడు స్టోయాన్. ఆ మాట అనడం పొద్దుట్నుంచి అది మూడోసారి.

పావ్లా కాఫీ కలిపిన పాలలో రొట్టెముక్క ముంచి, అది నానేదాకా ఓపిగ్గా చూస్తోంది. తలమీద తెల్ల హెల్మెట్. గడ్డం కింద పట్టీ కూడా బిగించుకుంది. ధర చీటీ ఇంకా తెంపలేదేమో, చెవి పక్కన దారానికి వేలాడుతూ, ఆమె నమిలినప్పుడల్లా ఊగుతోంది.

నీలం రంగు హెల్మెట్ ఇంకొకటి జామ్ సీసా పక్కన బోర్లించి ఉంది.

"ఒకటంటే సరే, ముసలావిడ ముచ్చట అనుకోవచ్చు. రెండోది ఎవరికి? పిల్లికా?"

"గొంతు తగ్గించు," అంది లుచ్కా పొయ్యి దగ్గర్నుంచి. "అత్తయ్యకి చెవుడు లేదు."

"చెవుడు లేకపోతే జవాబు చెప్పదేం?"

"నోట్లో రొట్టె ఉంది," అంది పావ్లా, నోట్లో రొట్టెతోనే.

లుచ్కాకి నవ్వొచ్చింది. భర్త చూడకుండా మొహం పొయ్యి వైపు తిప్పుకుంది.

ఈ గొడవ గురువారం మొదలైంది. చలి తగ్గుముఖం పట్టగానే ఏటా ఒక వారం ఆ చవక దుకాణంలో సైకిలు సరుకు దిగుతుంది. రంగుల కరపత్రం ముందే ఇంటింటికీ వస్తుంది. ఆ రోజు వాళ్ళ ఊరు శెంపేతర్‌లో పింఛను తీసుకునేవాళ్ళంతా దుకాణం తలుపులు తీయకముందే తోపుడు బళ్ళు పట్టుకుని బయట వరస కడతారు. మధ్య వరసలో ఇనుప బుట్టల నిండా గ్లవ్సులు, లైట్లు, గాలి పంపులు, పానాల పెట్టెలు. మంచివి మధ్యాహ్నానికల్లా మాయమవుతాయి. చేజారితే మళ్ళీ ఏడాది ఆగాలి.

పావ్లా ఆ వరసలో నిలబడి చేతులు నిండేన్ని తెచ్చుకుంది. శుక్రవారం పొద్దున లుచ్కా బిల్లుతో సహా అన్నీ పట్టుకెళ్ళి తిరిగిచ్చేసింది. సాయంత్రానికి పావ్లా మళ్ళీ వెళ్ళి అవే కొనుక్కొచ్చింది. అవే అంటే అచ్చంగా అవే. తెల్ల హెల్మెట్ మీద లుచ్కా ఉంగరం చేసిన గీత ఉండనే ఉంది.

"సోమవారం వృద్ధాశ్రమం కారు వస్తుంది," అన్నాడు స్టోయాన్, ఈసారి గొంతు తగ్గించి. "ఈ ఒక్క గది ఖాళీ కావడానికి వాండా అక్క ఎంతకాలం తిరిగిందో నీకు తెలుసు. ఇప్పుడు వద్దంటే ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"నేను వద్దన్నానా?"

"అనలేదు. ఔనని కూడా అనలేదు."

లుచ్కా పాలగిన్నె దించింది. దాని అడుగు నల్లగా ఉంది. కిందటి నెల పావ్లా పాలు పెట్టి మరిచిపోయి తోటలోకి వెళ్ళినప్పటి మాడు అది, ఎంత తోమినా వదల్లేదు. అంతకుముందు ఒకసారి, పొగమంచులో సోచా నది వంతెన మీద ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోతే ఎవరో తెలిసినవాళ్ళు ఇంటికి తీసుకొచ్చారు. స్టోయాన్ లారీ వేసుకుని వారమంతా దేశాలు తిరుగుతాడు. లుచ్కా పిల్లల బడి వంటశాలలో పనికి వెళ్తుంది. పగలంతా ఈ ఇంట్లో పావ్లా ఒక్కతే.

"నువ్వే చూశావుగా," అన్నాడతను. "ఇవాళ షెడ్డులో ఏం చేసిందో. పాత సైకిలుకి పెడలు మారుస్తుందట! పానా పట్టుకుని విప్పడం మానేసి బిగిస్తూ కూర్చుంది. ఒకప్పుడు రేడియో విప్పి మళ్ళీ బిగించిన మనిషి అమ్మ. ఏ పక్క తిప్పితే మర ఊడుతుందో కూడా ఇప్పుడు గుర్తు లేదు."

అతను తన చెయ్యి ముందుకు చాపాడు. కుడిచేతి వేళ్ళకి గుడ్డ చుట్టి ఉంది. తల్లి చేతిలోంచి పానా తీసుకుని తనే బలంగా తిప్పబోతే జారి, ఇనుము తగిలి తోలు లేచిపోయింది.

"తప్పు పక్కకి తిప్పింది నువ్వు," అంది పావ్లా ప్రశాంతంగా. "దెబ్బ తగిలిందీ నీకే."

"సరేలే అమ్మా."

"ఆ పెడలు ఒకటే కీచుమంటోంది. కొత్తవి వేస్తే గానీ వెళ్ళలేను. నివెస్ ఎదురుచూస్తూ ఉంటుంది."

లుచ్కా పొయ్యి ఆర్పింది. 

నివెస్ పావ్లా చెల్లెలు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సరిహద్దు గీత గీసినప్పుడు ఆ పిల్ల మేనత్త ఇంట్లో ఉంది. ఆ ఇల్లు గీతకి అవతలి దేశంలో, గోరిత్సియాలో పడింది. అలా అక్క ఒక దేశంలో, చెల్లెలు ఒక దేశంలో పెరిగారు. ఇద్దరికీ మధ్య సైకిలు మీద పావుగంట దారి. నివెస్ పోయి చాలా ఏళ్ళయింది. శవపేటిక మీద మొదటి పువ్వు పెట్టింది పావ్లాయే.

స్టోయాన్ భార్యకేసి చూశాడు. విన్నావుగా, అన్నట్టుంది ఆ చూపు. తర్వాత సామానంతా ఒక సంచిలో వేశాడు. తల్లి గడ్డం కింద పట్టీ తనే విప్పి హెల్మెట్ నెమ్మదిగా తీశాడు. నెరిసిన జుట్టు చెదిరితే అరచేత్తో సర్దాడు.

"తిరిగిచ్చేసి రా," అన్నాడు లుచ్కాతో. "ఈవిడకి మళ్ళీ అమ్మొద్దని ఆ కౌంటర్లో పిల్లకి కాస్త చెప్పు."

*

రెండు రోజులుగా ఊరిని ఊపేసిన బుర్యా గాలి ఆ పొద్దున పడిపోయింది. అది పోయాక ఈ లోయలో ఎప్పుడూ ఇంతే. ఆకాశం కడిగి ఆరేసినట్టుంటుంది, కొండలు ఒక అడుగు ముందుకొచ్చి నిలబడతాయి. లుచ్కా సైకిలు తొక్కుతుంటే హ్యాండిలుకి తగిలించిన సంచి మోకాలికి తగులుతోంది. సంచిలో ఏదో ఎర్రగా వెలిగి ఆరుతోంది. వెనక లైటు. పావ్లా దాన్ని వెలిగించి మరిచిపోయింది. ఎలా ఆర్పాలో లుచ్కాకి తెలియలేదు.

దారి పొడవునా, ఏదో చిన్న ప్రాణిని సంచిలో పెట్టుకుని అమ్మకానికి తీసుకెళ్తున్నట్టు అనిపించింది ఆమెకి.

కౌంటరు దగ్గర వీధి చివరింటి బోగ్దాన్ ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో గాలి పంపు.

"ఏమ్మా లుచ్కా, మళ్ళీ నువ్వేనా? మీ అత్త కొనడం, నువ్వు తిరిగివ్వడం. ఈ దుకాణం మీ ఇద్దరి మీదే నడుస్తున్నట్టుంది."

"మీరేం తిరిగిస్తున్నారు?"

"ఈ పంపు. మా ఆవిడకి తెలీకుండా కొన్నాను. తెలిసిపోయింది." ఆయన సంచిలోకి తొంగిచూసి కనుబొమలెగరేశాడు. "ఓహో, నీలంది! గురువారం దాని కోసం నా చెయ్యి ఎలా నెట్టేసిందో తెలుసా? చిన్న సైజు అదొక్కటే మిగిలింది. మా మనవరాలికని నేను తీయబోతే, 'ఇది దాని కోసం, వదులు' అని గుంజుకుంది. గద్ద కోడిపిల్లని తన్నుకుపోయినట్టు!"

"దాని కోసమా? అంటే ఎవరి కోసం?"

"నాకేం తెలుసు? నువ్వే అనుకున్నా. మీ ఇంట్లో తల చిన్నది నీదేగా."

లుచ్కా నవ్వలేదు. ఆయన వెళ్ళిపోయాడు. ఆమె ఒక్కొక్కటే తీసి బల్లమీద పెట్టింది. తెల్ల హెల్మెట్, నీలం హెల్మెట్, గ్లవ్సులు, ఆగకుండా మిణుకుతున్న లైటు, పొడుగు పానా. ఆఖరున పెడళ్ళ అట్టపెట్టె చేతిలోకి తీసుకుంది.

"కారణం ఏం రాయమంటారు?" అంది కౌంటర్లో అమ్మాయి. ప్రతి ఒక్కరినీ అడిగే మాటే. "నిన్న 'అవసరం లేదు' అని రాశాను. ఇవాళ కూడా అదేనా?"

లుచ్కా  ఏమీ తోచక చేతిలో పెట్టెకేసి చూసింది.

పెట్టె వెనక ఒక బొమ్మ ఉంది. చదువు రానివాళ్ళకి కూడా తెలిసేలా గీసిన బొమ్మ. కుడి పెడలు మీద ఒక బాణం. ఎడమ పెడలు మీద ఒక బాణం. రెండూ ఒకే పక్కకి తిరగడం లేదు. కుడిది మామూలు మరలాగే ఊడుతుంది. ఎడమది ఊడాలంటే, మామూలు మర బిగించే వైపుకి తిప్పాలి.

ఆమె బొమ్మని మళ్ళీ చూసింది. పెట్టె తలకిందులు చేసి ఇంకోసారి చూసింది.

పొద్దున పావ్లా కూర్చుని తిప్పుతున్నది ఎడమ పెడలునే.

"అమ్మా? కారణం?" అంది ఆ అమ్మాయి.

"ఏమీ రాయొద్దు," అంది లుచ్కా. ఒక్కొక్కటే మళ్ళీ సంచిలో వేసుకుంది. లైటు మిణుకుతూనే ఉంది.

*

షెడ్డులో పావ్లా ద్రాక్షపళ్ళ పెట్టె ఒకటి బోర్లించుకుని, దానిమీద కూర్చుని ఉంది. ఎదురుగా పాత ఆకుపచ్చ సైకిలు. ముందు తీగల బుట్ట. తలుపు సందులోంచి ఎండ ఒక పట్టీలా పడి, దుమ్ము అందులో తేలుతోంది. ఆ వెలుగులో ఆవిడ వయసు చెప్పడం కష్టం.

స్టోయాన్ లారీ కడగడానికి వెళ్ళాడు. ఇంట్లో వాళ్ళిద్దరే.

లుచ్కా పానా తీసి అత్తగారి ఒళ్ళో పెట్టింది. పావ్లా ఆశ్చర్యపోలేదు.

"తెచ్చావా? ఇంకో రెండు సార్లయినా పట్టుకెళ్తావనుకున్నా."

"అత్తయ్యా, ఒక మాట అడగనా? నివెస్ పిన్ని..."

"పోయింది. నాకు తెలీదనుకున్నావా? పూలు పెట్టింది నేనే."

"మరి పొద్దున ఎదురుచూస్తూ ఉంటుందన్నారు."

"ఉంటుంది," అంది పావ్లా. ఆ రెండు మాటలకీ పొత్తు కుదరదని ఆవిడకి తోచినట్టే లేదు. "వెన్న తీసుకెళ్ళేదాన్ని. తెలుసుగా?"

లుచ్కాకి కొంచెం తెలుసు. ఆ తరం ఆడవాళ్ళంతా ఏదో ఒకటి దొంగచాటుగా సరిహద్దు దాటించినవాళ్ళే.

"వెన్న, గుడ్లు తీసుకెళ్ళేదాన్ని. కాఫీ, నిమ్మకాయలు తెచ్చేదాన్ని. మీ మావయ్యకి పంటిపోటు వస్తే మందు కూడా. కోటు లోపల వెన్న పెట్టుకుంటే, సరిహద్దు గేటు దగ్గర కాపలావాడు కావాలని ఎండలో నిలబెట్టేవాడు. నవ్వుతూ కబుర్లు చెప్పేవాడు. వెన్న కరిగి నడుం మీదనుంచి కారేది. నేనూ నవ్వుతూనే ఉండేదాన్ని. ఏమీ దొరక్కపోతే, లైటు లేదనో, గంట మోగలేదనో ఆపేవాడు."

"అందుకా ఈ లైటు?"

"లైటుంటే వాడేం అంటాడు?" పావ్లా కళ్ళు చిలిపిగా మెరిశాయి. "ఎన్నిసార్లు దాటానో లెక్క లేదు. ఒక్కసారి కూడా ఖాళీ బుట్టతో దాటలేదే. గుండె దడదడలాడకుండా, ఆ చెట్లెలా ఉన్నాయో చూసుకుంటూ దాటలేదు. నివెస్‌తో కలిసి అసలే దాటలేదు. ఇద్దరు కనిపిస్తే అనుమానిస్తారని నేనెప్పుడూ ఒక్కదాన్నే. అది గేటు అవతల నిలబడి ఉండేది. అక్కడిదాకానే."

లుచ్కా నేలమీద కూర్చుంది. నీలం హెల్మెట్ ఆమె చేతుల్లో ఉంది.

"అక్కడిప్పుడు ఎవరూ ఉండరు అత్తయ్యా. గేటు కూడా తీసేశారు. పూలకుండీలు పెట్టారు."

"తెలుసు," అంది పావ్లా. "అందుకే కదా!"

కాసేపు ఇద్దరూ ఎండ పట్టీలో దుమ్ముని చూశారు. ఆ వెలుగులోంచి ఎవరైనా తాపీగా సైకిలు నడిపించుకుంటూ వచ్చినా లుచ్కా ఉలిక్కిపడి ఉండేది కాదు.

"లే," అంది పావ్లా. "వాడు వచ్చేలోపు కానిద్దాం. చేత్తో కాదు, నీవల్ల కాదు. మా వాడు దాన్ని ఇంకా బిగించి పోయాడు. పానా పెట్టి దానిమీద కాలేసి తొక్కు. నేను అవతల పెడలు కదలకుండా పట్టుకుంటా."

"ఏ వైపుకి?" అంది లుచ్కా, తెలిసి కూడా.

"ఎడమది ఎప్పుడూ వెనకచక్రం వైపుకే నొక్కాలి. తొక్కేటప్పుడు ఊడిపోకుండా అలా చేశాడు, చేసినవాడు. బుద్ధిమంతుడు."

లుచ్కా పానా తగిలించి, షెడ్డు గోడ పట్టుకుని, ఒంటికాలి మీద బరువంతా వేసింది. ఇనుము కదల్లేదు. ఇంకోసారి వేసింది. అవతల పావ్లా పళ్ళు బిగించి, ముసలి చేతుల్లో నరాలు తేలేలా పట్టుకుంది. మూడోసారికి టక్‌మని చప్పుడై పానా కిందికి దిగిపోయింది. లుచ్కా పడబోయి గోడకి ఆనుకుంది.

ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు. షెడ్డు మీద వాలిన పిట్టలు లేచిపోయాయి.

"భేష్!" అంది పావ్లా, నవ్వుతూ చేతులు తుడుచుకుంటూ. "బాగా చేశావే నివెస్."

లుచ్కా నవ్వు పెదవుల మీద అలాగే ఉండిపోయింది. సరిచేద్దామనుకుంది. పావ్లా అప్పటికే కొత్త పెడలు తీసి, మరకి నూనె రాస్తూ, మెల్లగా ఏదో పాడుకుంటోంది. ఒక్క చుక్క కూడా కింద పడనివ్వడం లేదు.

ఆ సాయంత్రం లుచ్కా బడి వంటశాల పెద్దావిడకి ఫోన్ చేసింది. ఏం మాట్లాడిందో ఎవరికీ చెప్పలేదు.

*

ఆదివారం భోజనానికి ఆడబిడ్డ వాండా కోపర్ నుంచి వచ్చింది. ఒక కొత్త సూట్‌కేసు, ఒక గుడ్డపట్టీల చుట్ట తెచ్చింది. పట్టీ మీద వరసగా పావ్లా పేరు అచ్చు వేసి ఉంది.

"ప్రతి బట్టకీ ఒకటి కుట్టాలట," అంది వాండా, సూప్ గిన్నెలు జరిపి పట్టీ బల్లమీద పరుస్తూ. "ఉతికేచోట కలిసిపోకుండా. మేజోళ్ళకి కూడా."

"నా పేరు నాకు గుర్తుంది," అంది పావ్లా.

"నీకోసం కాదమ్మా, ఉతికేవాళ్ళ కోసం."

"వాళ్ళకి నేనే చెబుతా."

వాండా తమ్ముడికేసి చూసింది. తమ్ముడు సూప్‌లో సేమ్యా కేసి చూశాడు. ఆవిడ కళ్ళ కింద నల్లని చారలు. లుచ్కాకి ఆవిడ మీద కోపం రాలేదు. ఈ గది కోసం తిరిగింది, సంతకాలు పెట్టింది, కన్నీళ్ళు కూడా పెట్టుకునే ఉంటుంది. ఆవిడ భయం అబద్ధం కాదు. పాలగిన్నె అడుగు నల్లగా అలాగే ఉంది.

"ఆ సైకిలు సరుకంతా తిరిగిచ్చేశావా లుచ్కా?" అడిగింది వాండా.

"లేదు."

స్టోయాన్ చెంచా ఆగింది.

"ఇవ్వలేదా? నిన్న వెళ్ళావుగా!"

"వెళ్ళాను. తిరిగి తెచ్చేశాను. పెడళ్ళు కూడా బిగించేశాం."

"ఎలా? అది తుప్పు పట్టి బిగుసుకుపోయింది. నా వల్లే కాలేదు!"

"తుప్పు కాదు," అంది లుచ్కా. గెలిచిన గొంతు కాదది. "ఎడమది ఎదురు పక్కకి తిప్పాలట. అత్తయ్య తిప్పుతున్న వైపే."

స్టోయాన్ గుడ్డ చుట్టిన తన వేళ్ళని చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత తల్లికేసి చూశాడు. పావ్లా ఎర్రాకుల సలాడ్‌లోంచి ఒక ఆకు ఏరి, గులాబీ రేకుని చూసినట్టు వెలుతురుకి పట్టి చూస్తోంది.

"సరే," అన్నాడు అతను ఆఖరికి. "పెడలు సంగతి సరే. మరి నివెస్ సంగతి?"

"అది నాకు తెలీదు," అంది లుచ్కా.

"తెలీదంటే?" అంది వాండా. "పెడలు గుర్తుంటే సరిపోతుందా? రేపు మళ్ళీ పాలు పొయ్యి మీద వదిలేస్తే? ఇంట్లో ఎవరుంటారు, నువ్వుంటావా?"

ప్రశ్న న్యాయమైనదే.  సామానుల గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల చీకట్లో ఊరగాయ సీసాల మధ్య ఆ ఎర్రలైటు వెలుగుతూ, ఆరుతూ ఉంది. ఇప్పటికీ దాన్ని ఆర్పడం ఎలాగో ఎవరికీ తెలియలేదు.

లుచ్కా లేచి ఆ గదిలోకి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు నీలం హెల్మెట్ తలమీద ఉంది. కొంచెం వదులైంది. పావ్లా కుర్చీలోంచే చెయ్యి చాచి, వెనక ఉన్న చిన్న చక్రాన్ని వేలితో తిప్పింది. హెల్మెట్ తలకి సరిగ్గా పట్టుకుంది. ఆ వేలు లుచ్కా మెడమీద ఒక్క క్షణం ఆగింది.

అది ఎవరి తల అనుకుని తిప్పిందో లుచ్కా అడగలేదు.

"సూప్ చల్లారిపోతోంది, కూర్చో," అంది పావ్లా.

లుచ్కా కూర్చుంది. చెంచా చేతిలోకి తీసుకుంది. ఉప్పు అందుకోమన్నంత మామూలుగా అంది:

"రేపు కారు పంపొద్దని వాళ్ళకి చెప్పండి వదినా. నేను సెలవు పెట్టాను. అత్తయ్యా నేనూ కలిసి సైకిళ్ళ మీద అవతలికి వెళ్తున్నాం. ఖాళీ బుట్టలతో, పక్కపక్కనే. ఆ గది పోతే పోనివ్వండి. తర్వాత ఎక్కడుండాలన్నది తిరిగొచ్చాక అత్తయ్యే చెబుతారు."